హాస్టల్ పిల్లలకు అందని 14416

పిల్లల ఆత్మహత్యల వార్త వచ్చినప్పుడల్లా కింద అచ్చయ్యే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు, హాస్టళ్లలో చదివే ఇంటర్ పిల్లలకు అందనే అందడం లేదు. 2022 అక్టోబరు నుంచి 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. కానీ చేయడానికి ఫోనేది? శ్రీకాకుళంలో మా అమ్మాయి ఉండే కాలేజీ హాస్టల్లో ఆదివారం పది నిమిషాలు మాట్లాడనిస్తారు, అదీ వార్డెన్ ఎదురుగా, వెనక క్యూలో పాతికమంది నిలబడి ఉండగా. "బాగానే ఉన్నా నాన్నా" అనడం తప్ప ఆ పిల్ల ఇంకేం చెబుతుంది? మొన్న సెలవులకొచ్చినప్పుడు 14416 అంటే తెలుసా అని అడిగాను. "ఏ రైలు నంబరు?" అంది. నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. ఈ నంబరును ఐడీ కార్డు వెనక, హాల్‌టికెట్ మీద అచ్చువేయాలి. ప్రతి హాస్టల్లో తలుపేసుకుని మాట్లాడుకునేలా ఒక గది, అందులో ఒక ఫోన్ ఉండాలి. నోటితో చెప్పలేనిది టైప్ చేసి చెప్పుకునే పిల్లలూ ఉంటారు. హాల్‌టికెట్లు పంపిన రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ 'మన మిత్ర'లోనే కౌన్సెలర్‌తో చాటింగ్‌కు వీలు కల్పించవచ్చు. అవతల ఉన్నవారికి మన సిక్కోలు యాస తెలిసి ఉంటే మరీ మంచిది. ఇదంతా వచ్చే ఫలితాల టెన్షన్ మొదలయ్యేలోపే జరగాలి.

– ఒక తండ్రి, ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా