తుపాను షెల్టర్‌లో ఆడపిల్లల గదికి చెయ్యి వేసిన అందరికీ

మన షెల్టర్ మేడ మీద ఆడపిల్లల గది సిద్ధమైంది. సాయపడిన ప్రతి ఒక్కరికీ మహిళా సంఘాల తరఫున కృతజ్ఞతలు. అక్టోబరుకి ముందే అయిపోవడం పెద్ద ఊరట. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీన విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటాయి. ఉద్దానం వాళ్లకి ఆ నెల గురించి వేరే చెప్పాలా!

ముందుగా మరుగుదొడ్డి తలుపులకి లోపలి గడియలు బిగించిన వడ్రంగి బాబుకి. గడియ లేకపోతే పిల్లలు చీకటి పడేదాకా ఆపుకుంటారు, ఆపుకోవడానికి నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రంలో మంట అక్కడే మొదలవుతుంది. ఉప్పుగాలికి ఇనప గడియ తుప్పు పట్టి బిగుసుకుపోతుందని ఆయనే చెప్పి ఇత్తడివి తెచ్చారు. సోలార్ దీపాలిచ్చిన కుర్రాళ్లకి కూడా. హెచ్చరిక వచ్చిన రోజే వాటిని ఎండలో పెట్టండి, మబ్బు పట్టాక ఛార్జి సరిగా ఎక్కదు.

పిల్లలకి పంచే 40 సంచులు కుట్టిన దర్జీ అక్కల మేలు మరువలేం. సహాయ శిబిరాలకు ప్రపంచమంతా వాడే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం నెలకి ఒక్కొక్కరికి 15 ప్యాడ్‌లు. ఒక్కో సంచిలో అన్నే పెట్టాం. ప్యాడ్‌లిచ్చి లోదుస్తులు మరిచిపోవడం అన్ని చోట్లా జరిగే పొరపాటు. తడిబట్టలతో వచ్చిన పిల్లకి ప్యాడ్ దేనికి అతికించుకోవాలి? అందుకే మూడు సైజుల్లో రెండేసి జతలు. బట్ట ప్యాడ్‌లు మంచివే, కానీ ఉతికి ఎండలో ఆరేయాలి. ముసురులో ఆరవు, చెమ్మవి వాడితే దురద, పుండ్లు. కాబట్టి వాన ఉన్నన్నాళ్లూ వాడి పారేసేవి, ఎండ కాశాక బట్టవి. ఉతకడానికి సబ్బు, మూత డబ్బా, తాడు, క్లిప్పులు కూడా అందుకే.

వాడిన ప్యాడ్‌లు మరుగుదొడ్డిలో వేయకూడదు. వరదకి సెప్టిక్ ట్యాంకు నిండి ఉన్నప్పుడు ఒక్కటి అడ్డం పడినా మురుగంతా పైకి తన్నుతుంది. కాగితంలో చుట్టి మూత బకెట్‌లో వేయాలి. నీళ్లు తీశాక నూతికి దూరంగా పాతిపెట్టాలి.

పంపకం బాధ్యత తీసుకున్న ఆశా అక్కకి, అంగన్‌వాడీ టీచరుకి ప్రత్యేకంగా. ఇంటికొకటి చొప్పున ఇస్తే ఇంటాయనే వరసలో నిలబడతాడు, పిల్ల ఆయన్ని నోరు తెరిచి అడగదు. అందుకే 10 నుంచి 19 ఏళ్ల పిల్లల పేర్లతో జాబితా రాశారు. ఇంకా పెద్దమనిషి కానివాళ్లకీ సంచి ఉంది. ఆ భయంలో, ఆ గందరగోళంలో మొదటిసారి వస్తే ఏం చేయాలో వాళ్లకే తెలియదు. కడుపునొప్పికి వేడినీళ్ల సీసా చాలు. నీళ్లు చాలని ఒంటికి నొప్పి మాత్రలు కిడ్నీల మీద భారం. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానంలో ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

ఆధార్, స్టడీ సర్టిఫికెట్ పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లిచ్చిన హైస్కూలు మాస్టారికి. గాలివాన ఒక్క పూటలో పోతుంది, కొత్తగా నాటిన కొబ్బరి కాపుకొచ్చేసరికి ఐదారేళ్లు. ఈలోగా ఎనిమిదో తరగతి పిల్ల బడి మానేయడం, తల్లిదండ్రులతో వలస, ‘మంచి సంబంధం’ అనే మాట ఒకదాని వెనక ఒకటి వస్తాయి. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం ఆడపిల్లకి 18 నిండకుండా పెళ్లి చేయకూడదు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు. రెండు నంబర్లూ (1098, అత్యవసర సాయానికి 112) తలుపు లోపలివైపు రాయించాం, బయట రాస్తే పిల్లలు నిలబడి చదవరు.

సంచులు అటక మీద, చెమ్మ తగలని డబ్బాల్లో ఉన్నాయి. ఏటా సెప్టెంబరులో విప్పి ఎలాస్టిక్, ఎలుక కొరుకుడు చూడాలి. తాళంచెవులు రెండు: ఒకటి అంగన్‌వాడీ టీచరు దగ్గర, ఒకటి ఆశా అక్క దగ్గర. అర్ధరాత్రయినా తలుపు తట్టండి.