"వరకు" అనే మాట చాటున పోతున్న వేగం: టెలికాం నియంత్రణ సంస్థ అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు,

నమస్కారం. ప్రకటనల్లో చెప్పే ఇంటర్నెట్ వేగం ఇంటికి అందకపోవడం గురించి మీ కార్యాలయానికి మూడుసార్లు రాశాను. జవాబు రాలేదు. అందుకే ఈసారి అందరి ముందూ రాస్తున్నాను.

మా ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్‌ను "100 ఎంబీపీఎస్ వరకు" (అంటే సెకనుకు 100 మెగాబిట్ల వరకు) అని చెప్పి అమ్మారు. కొంత తేడా సహజమేనని నాకూ తెలుసు. గోడలు దాటేసరికి వైఫై నీరసిస్తుంది. అందుకే వైఫై ఆపి, లాప్‌టాప్‌ను నేరుగా రౌటర్‌కు కేబుల్‌తో కలిపి కొలిచాను. తెల్లవారుజామున 94 ఎంబీపీఎస్. రాత్రి 8 గంటలకు 11. కేబుల్ అదే, రౌటర్ అదే. మారిందల్లా ఒకే లైన్‌ను పంచుకునే ఇళ్ల రద్దీ. సామర్థ్యం పెంచకుండా కనెక్షన్లు అమ్ముకుంటూ పోతే ఇంతకన్నా ఏం జరుగుతుంది?

ఒక రాత్రి సరిగ్గా ఆ వేళకే మా అమ్మాయికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. జవాబు చెబుతుండగా తెర మీద ముఖాలు బిగుసుకుపోయాయి, గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంది. మళ్లీ కలిసేసరికి అవతల ఎవరూ లేరు. కంపెనీకి ఫోన్ చేస్తే, "100 వరకు అనే కదా సార్ రాశాం" అన్నారు. ఆ లెక్కన 1 వచ్చినా మాట తప్పనట్టే!

ప్రకటనల్లో గరిష్ఠ వేగం పక్కనే, రద్దీ వేళ అందే కనీస వేగాన్నీ అంతే పెద్ద అక్షరాల్లో వేయించండి. అది అందని నెల బిల్లు తగ్గించాలని, జరిమానా లేకుండా కనెక్షన్ వదులుకోనివ్వాలని ఉత్తర్వు ఇవ్వండి. 30 రోజుల్లోగా లిఖితపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక వినియోగదారుడు