కొడుకు చెప్పొద్దంటడు, నాయిన చెప్పమంటడు

స్టూలక్కా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, కోపం చేసుకోకు. ఇంట్ల అందరం మంచిగనే ఉన్నం. అమ్మ మోకాళ్లు అట్లనే ఉన్నయి, దేవరకొండ పెండ్లికి పోలే. ఇగ అసలు ముచ్చట విను, కడుపుల ఆగుతలేదు.

బుధవారం వీడియోల దవాఖానలోళ్లం కలిసి రోగుల కేసుల మీద చర్చ చేస్తం కదా, మా నల్లగొండ పాలియేటివ్ వార్డు (పెద్ద రోగమున్నోళ్ల నొప్పి, బాధ తగ్గించే వార్డు) నుంచి ఒకటి పెట్టినం. పేరు, ఊరు తీసేసి వయసు, రోగం, ఇంట్ల ఎవరున్నరు, మనకు తోచనిదేంది, ఇంతే చెప్పాలె. అరవై దాటిన రైతు, నోటి క్యాన్సర్. కొడుకేమో తలుపు కాడ ఆపి "సిస్టర్, నాయినకు చెప్పకుండ్రి, గుండె పగులుతది" అంటడు. లోపలికి పోతే ఆయన "బిడ్డా, నాకేమైందో నువ్వన్న చెప్పు" అంటడు. ఏం చేస్తవ్?

ఆ చర్చ నడిపే హైదరాబాద్ మేడమ్ ఏం చెప్పిందంటే, కొడుకుకు సరే అనొద్దు, కాదు అని కూడ అనొద్దు. కూసోబెట్టి "చెప్తే ఏమైతదని మీ భయం?" అని అడగాలె. నడుమ తుంచకుండ మొత్తం విని, అప్పుడు "ఆయనకు ఇప్పటికే ఏం ఎరుకనుకుంటున్నరు?" అనాలె. చానామంది ఆ మాటకే ఆగిపోయి "ఎరుకే కావచ్చు" అంటరట. ఆఖరుకు మన మాట సాఫ్‌గ చెప్పాలె: "నా అంతట నేను ఆ ముచ్చట ఎత్తను. ఆయన అడిగితే మాత్రం అబద్ధం చెప్ప."

ఇగ నాయిన కాడ, నువ్వు ఎప్పుడూ మంచం పక్కన వేసుకొని కూసునే ఆ స్టూలే! కండ్లకు కండ్లు సమానంగ కూసొని "మీకేమనిపిస్తున్నది?" అనాలె. "అంతా మీరే వింటరా, కొడుకుకు చెప్తే చాలా?" అని అడగాలె. చాలంటే అదీ ఆయన హక్కే. రోగం పేరు మొదట చెప్పేది డాక్టరు; ఆ ప్రశ్నను డాక్టరు దాక తీస్కపోయి, చెప్పేటప్పుడు పక్కన ఉండుడు నర్సు పని. చెప్పినంక మనం నోరు మూసుకోవాలె. ఆ నిశ్శబ్దం ఓర్వలేక "ఏం కాదు, తగ్గుతది" అంటం చూడు, అక్కడ్నే చెడుతది. వారం తిరిగి ముద్ద దిగకుంటే ఇగ మన మాటేదీ నమ్మడు, మార్ఫిన్ (గట్టి నొప్పి మందు) ముచ్చట కూడ.

అవును, మార్ఫిన్! పానం తీస్తదని కొడుకు రాత్రి మాత్ర దాస్తున్నడక్కా. నొప్పి లేసినంక కాదు, లేవకముందే ఇయ్యాలె: పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6. రాత్రి 10కి డాక్టరు రెండింతలు రాస్తే నడిరాత్రి లేపే పని ఉండదు. ఈయనకు 10 మి.గ్రా. మాత్రల సగంతోని మొదలు. కిడ్నీ బాగలేనోళ్లకైతే ఇంకా తక్కువ, గంటల ఎడం ఎక్కువ. విరేచనం మాత్ర మొదటి దినం నుంచే ఉండాలె, అది మరిస్తే కడుపు బిగుసుకొని మార్ఫినే బంద్ చేస్తరు. మోతాదు ఎక్కువైతే శ్వాస మందగించక ముందే మత్తు కనబడ్తది. ఆ మత్తును చూసుడే మన కాపలా.

సిసిలీ సాండర్స్ నర్సుగ మొదలై, డాక్టరై, 1967ల లండన్‌ల సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (ఆఖరు దశ రోగులను చూసుకునే దవాఖాన) పెట్టింది కదా. పెయ్యి నొప్పి, మనసు నొప్పి, ఇంటి బాధ అన్ని కలిసే నొప్పని ఆమె ఊకె చెప్పేది. ఈయన రాత్రి మూలుగుడు ఎంత పుండుది, ఎంత ఈ దాపరికానిది అని నాకు...

మిర్యాలగూడ బస్సు హారన్ కొడుతున్నది, కవరు డ్రైవరుకియ్యాలె. రేపు 10కి డాక్టర్ సారు ఆయనతోని కూసుంటరు. కొడుకుకు కూడ ఒక స్టూలు వేయించిన.