గుడి కప్పుకు తడిగుడ్డ పెట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను అనంతపురంలో 26 ఏళ్లుగా రంగుల పని చేస్తున్నాను. ఇళ్లకు పట్టీ, ప్రైమర్, ఎమల్షన్, తలుపులకు ఎనామిల్, ఇదే నా బతుకు. ఈమధ్య పల్లెల్లో పాత గుళ్లకు రంగులు వేయించడం బాగా ఎక్కువైంది. పోయిన నెలలో రెండు ఊళ్ల వాళ్లు నన్ను అడిగారు. అందుకే ఈ ఉత్తరం.

12 ఏళ్ల కిందట ఒక పల్లెలో తిరునాళ్లకు ముందు గుడి శుభ్రం చేయమని నన్ను పిలిచారు. మండపం కప్పు దీపాల పొగకు జిడ్డు పట్టి నల్లగా ఉంది. "మసి పోయేట్టు కడిగి సున్నం కొట్టు మేస్త్రీ" అన్నారు. సర్ఫు నీళ్లు కలుపుకుని పరంజా ఎక్కాను. మొదటి గుడ్డ నల్లగా వచ్చింది. మసి కింద నుంచి రంగులతో వేసిన పాత బొమ్మ ఒకటి, ఒక ఆడమనిషి చేయి, నిండా గాజులు, చీర అంచు బయటపడ్డాయి. అంచు పొడుగునా హంసలు, ఒక్కొక్కటి వేలిగోరంత. ఇంకా బాగా కనిపిస్తాయని మళ్లీ తుడిచాను. ఈసారి గుడ్డ ఎర్రగా వచ్చింది. పైకి చూస్తే హంసలు లేవు, తెల్ల గార ఉంది. గుడ్డ పిండితే బకెట్లో నీళ్లు జేగురు రంగుకు తిరిగాయి. దిగేసి, ఇక నా వల్ల కాదని చెప్పాను. వాళ్లు ఇంకొకరిని పిలిచి సున్నం కొట్టించుకున్నారు. కానీ చెరిపింది మాత్రం నేనే.

ఎందుకలా అయిందో తర్వాత కనుక్కున్నాను. మేం వేసే ఎమల్షన్ ఆరాక ప్లాస్టిక్ పొరలా పట్టుకుంటుంది, కడిగినా పోదు. మన వైపు విజయనగర కాలం నాటి బొమ్మలు ఎక్కువగా ఆరిన సున్నపు గార మీద జేగురు, పసుపు మట్టి, దీపపు మసి లాంటివి జిగురుతో కలిపి వేసినవి. వందల ఏళ్లకు ఆ జిగురులో పట్టు పోతుంది. నీళ్లు తగిలితే రంగు లేచి వచ్చేస్తుంది. గారలోకి దిగిన నీళ్లు అక్కడి ఉప్పును కరిగించి, ఆరేటప్పుడు పైకి తెస్తాయి. ఆ ఉప్పు గట్టిపడి బొమ్మను పెళ్లలుగా తోసేస్తుంది. ఇళ్లలో గోడ అడుగున పట్టీ ఉబ్బి రాలేది కూడా ఇదే రోగం.

వార్నిష్ కొడితే మెరుస్తుందనే మేస్త్రీలూ ఉన్నారు. 1920ల మొదట్లో నిజాం ప్రభుత్వం అజంతా బొమ్మల కోసం ఇటలీ నిపుణులను పిలిపించింది. రాలుతున్న గారను వాళ్లు నిలబెట్టారు. కానీ రక్షణ కోసమని పూసిన లక్క వార్నిష్ పోనుపోను పసుపెక్కి బొమ్మలను కమ్మేసింది. దాన్ని తీయడం తర్వాతి తరాల రసాయన నిపుణుల మెడకు చుట్టుకుంది. అంతటివాళ్లకే అలా జరిగితే, మన డబ్బా వార్నిష్ సంగతి ఏం చెప్పాలి?

లేపాక్షి వీరభద్రుని గుడికి ఏడాదికోసారి పోతాను. 2022లో జిల్లా విడిపోయినా మాకది అనంతపురం లేపాక్షే. కప్పు మీది బొమ్మల కింద మెడ పట్టేసేదాకా నిలబడతాను. ఆ చీరల అంచులు చూస్తుంటే నా బకెట్ గుర్తొస్తుంది. ఆ గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఏ రక్షణా లేని చిన్న గుళ్లను చూసేదెవరు?

దేవాదాయ శాఖ వారికి నా మనవి ఒక్కటే. పాత గుడికి రంగుల పని ఒప్పుకునే ముందు కప్పు, గోడల ఫోటోలు తెప్పించుకోండి. బొమ్మ ఆనవాలు కనిపిస్తే పురావస్తు శాఖ వాళ్లు వచ్చి చూసేదాకా పని ఆపించండి. వాళ్లు ముందు మూలన చిన్న చోట పరీక్షించి, ఊడే రంగును నిలబెట్టి, ఆ తర్వాతే దూదితో మసి తీస్తారు. మన తిరునాళ్ల తొందరకు అయ్యే పని కాదది.

గుడి పెద్దలు ఈలోపల కప్పు కారకుండా చూడాలి. దీపాలు, కర్పూరం బొమ్మల కింద నుంచి పక్కకు జరపాలి. ట్యూబ్‌లైటు వైరు కోసం గోడ మీది గుర్రం బొమ్మ మెడలో మేకు దిగ్గొట్టింది ఒక గుళ్లో నా కళ్లారా చూశాను. ఆ పని మాత్రం చేయొద్దు.

తోటి మేస్త్రీలూ, మసి కింద ఒక్క ఎర్ర గీత కనిపించినా ఫోన్లో ఫోటో తీసుకుని దిగిపోండి. ఆ రోజు కూలి పోతే పోనీండి. నన్ను అడిగిన రెండు ఊళ్లలో ఒక ఊరివాళ్లు పని ఆపుతామన్నారు. రెండో ఊరికి ఈ ఆదివారం ఫోటోలు తీయడానికి నేనే పోతున్నాను.

– ఒక పెయింటింగ్ మేస్త్రీ, అనంతపురం