ఆ బాక్స్‌స్టర్ కొనే ముందు

చి. సింధుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. 2001 పోర్షే బాక్స్‌స్టర్ స్పోర్ట్స్ కారు, మాన్యువల్ గేర్లు, పన్నెండు వేల డాలర్లు. బండి చాలా బాగుంది. కొనొద్దని ఈ ఉత్తరం రాయడం లేదు. నా ఉద్యోగమంతా బస్ డిపోలో ఇంజన్లు విప్పి బిగించడంతోనే గడిచింది కాబట్టి, డబ్బు కట్టే ముందు నువ్వు చూసుకోవాల్సినవి చెబుతున్నాను.

1997 మోడల్‌గా అమెరికాలో మొదట అమ్మినప్పుడు ఈ కారు ధర దాదాపు 40 వేల డాలర్లు. ఇవాళ నీకు పన్నెండు వేలకి దొరికినా, అందులో పాడయ్యే ప్రతి పార్టూ ఆ నలభై వేల బండిదే. మెకానిక్ కూలీ కూడా ఆ లెక్కనే ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ నుంచి, వాల్వులు తెరిచే క్యామ్‌ల చైన్లని తిప్పే షాఫ్ట్ అది. దాని చివర గేర్‌బాక్స్ వైపు ఒక సీల్డ్ బాల్ బేరింగ్ పెట్టారు. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి గ్రీజు పోతుంది. సీల్ ఉండటం వల్ల ఇంజన్ ఆయిల్ సరిగా అందదు. బేరింగ్ పగిలిందంటే టైమింగ్ తప్పి వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి, ఇక ఇంజన్ మార్చుకోవడమే. మొదటి బండ్లలో డబుల్ రో, అంటే రెండు వరుసల బాల్స్ ఉన్న బేరింగ్ ఉండేది, ఆ తర్వాత వచ్చిన సింగిల్ రోకే (ఒకే వరుస) ఈ జబ్బు ఎక్కువ. దీనిమీద అక్కడ కోర్టు కేసు నడిచి 2013లో సెటిల్మెంట్ కూడా కుదిరింది. అన్ని బండ్లకీ ఇలా అవుతుందని కాదు, లక్ష మైళ్లు దాటి హాయిగా తిరుగుతున్నవి చాలా ఉన్నాయి. కానీ గేర్‌బాక్స్ దించితే గానీ ఆ బేరింగ్ కనపడదు. అందుకే, మార్చామని అమ్మేవాడు నోటితో చెబితే నమ్మకు, బిల్లు చూపించమను. మార్చకపోతే క్లచ్‌తో పాటే మార్పించాలి, రెండింటికీ గేర్‌బాక్స్ ఒక్కసారి దించితే సరిపోతుంది. మూడు నాలుగు వేల డాలర్లు అవుతుందనుకో. ఆ మొత్తం పక్కన పెట్టుకున్నాకే బేరానికి దిగు.

38 వేల మైళ్లే తిరిగిందని నువ్వు సంబరపడ్డావు. నాకు అదే దిగులు. ఇన్నేళ్లలో అంతే తిరిగిందంటే ఎక్కువ కాలం షెడ్డులోనే ఉందన్నమాట. నిలబడిపోయిన బండికి సీళ్లు ఎండుతాయి, హోస్ పైపులు బీటలు వారతాయి. టైరు అంచున నాలుగంకెలు చూడు. 2315 అని ఉంటే 2015లో 23వ వారం తయారైనట్టు. 90 వేల మైళ్లు తిరిగినా ప్రతి సర్వీసు కాగితం దాచిన బండి దొరికితే నేను దాన్నే తీసుకోమంటాను.

అమ్మేవాడికి సంబంధం లేని పోర్షే మెకానిక్‌తో చూపించు. ఆయిల్ ఫిల్టర్ కోసి, కాగితం మడతలు విప్పి వెలుతురులో పెట్టమను. అయస్కాంతానికి అంటుకునే ఇనుప రవ్వలు కనిపిస్తే ఆ బండి వదిలేయ్. వెనక డిక్కీలో కార్పెట్ ఎత్తి నువ్వే చేత్తో తడిమి చూడు, కూలెంట్ ట్యాంకు అక్కడే ఉంటుంది. అది పగుళ్లిస్తే అక్కడ తడి తగులుతుంది. మడిచే గుడ్డ టాప్ కూడా ఒకసారి దించి ఎత్తించు. ఆ ఏడాది బండికి వెనక అద్దం ప్లాస్టిక్‌ది, డాలస్ ఎండకి మడత దగ్గర చిట్లుతుంది.

ఇదంతా టెన్షన్ అనుకుంటే మాజ్డా మియాటా చూడు. అదీ టాప్ తీసే బండే. మామూలు నాలుగు సిలిండర్ల ఇంజన్, పార్టులు సులువుగా దొరుకుతాయి. ఏది కొన్నా నీ దగ్గరున్న కరోలా మాత్రం అమ్మకు. స్పోర్ట్స్ కారు షెడ్డులో పడిన వారం ఆఫీసుకి వెళ్లాలి కదా.

శనివారం వెళ్లేటప్పటికి ఇంజన్ చల్లగా ఉండాలని అతనికి ముందే చెప్పు. వేడి చేసి ఉంచితే ఇంకో రోజు వస్తానని తిరిగి వచ్చేయ్. మొదటిసారి స్టార్ట్ చేసిన చప్పుడు ఫోన్లో రికార్డు చేసి, బిల్లుల ఫోటోలతో పాటు నాకు పంపు.

మీ నాన్న