మన బొంతల సంఘం వార్షిక నివేదిక: ఈ వేసవి ఎలా గడిచిందంటే

సభ్యులందరికీ నమస్కారం.

నివేదికలో సమావేశాలు, హాజరు, తీర్మానాలు వరసగా రాయడం ఆనవాయితీ. అవన్నీ మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి, ఎవరైనా ఎప్పుడైనా అడిగి చూసుకోవచ్చు. జమాఖర్చులు కోశాధికారి అక్క సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తారు. నేను ఈసారి వేసవి గురించే ఎక్కువ రాస్తున్నాను. మూడు ప్రదర్శనలు, రెండు షికార్లు, అందరం కలిసి పూర్తి చేసిన ఒక బొంత, వీటితో ఆ మూడు నెలలూ నాకు ఇంట్లో మిషన్ ముందు కన్నా బయట స్నేహితులతోనే ఎక్కువ గడిచాయి, పైగా అక్కడ తెలిసొచ్చిన ఒక విషయం మీ అందరికీ గట్టిగా చెప్పాలని ఉంది.

ముందు చలికాలం సంగతి రెండు ముక్కల్లో. కొత్తగా చేరినవాళ్లకి గుడ్డ కోయడం, ముక్కలు అతకడం నేర్పాం. కుట్టు మార్జిన్, అంటే గుడ్డ అంచు నుంచి కుట్టు దాకా వదిలే జాగా, పావు అంగుళమే ఉండాలని అంత పట్టుబట్టడం ఎందుకని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న, అందుకే ఆ రోజు వేసిన లెక్క ఇక్కడ కూడా రాస్తున్నాను. కుట్టు ఉండాల్సిన దానికన్నా అంగుళంలో 16వ వంతు లోపలికి పడిందనుకోండి. ప్రతి కుట్టు దగ్గర రెండు ముక్కలు కలుస్తాయి కాబట్టి రెండువైపులా కలిపి 8వ వంతు పోతుంది. వరసకి 16 ముక్కలుంటే 15 కుట్లు, అంటే వరస మొత్తం మీద దాదాపు 2 అంగుళాలు తగ్గిపోతుంది. పక్క వరస ఇంకొకరు సరిగ్గా కుట్టి ఉంటే ఆ రెండూ ఎంత లాగినా కలవవు. ఈ లెక్క చూశాక కొత్తవాళ్లందరూ మిషన్ మీద టేపు అంటించి గీత పెట్టుకున్నారు, తర్వాత బ్లాకులు, అంటే ముక్కలు అతికి చేసే చదరాలు, చాలా బాగా కుదిరాయి.

ఇక వేసవి. మొదటి ప్రదర్శనకి మనవి పదకొండు బొంతలు పంపాం. వేలాడదీయాలంటే ప్రతి దాని వెనక పైభాగంలో 4 అంగుళాల వెడల్పు గొట్టంలాంటి పట్టీ కుట్టి ఉండాలి, అందులోంచే కడ్డీ దూరుస్తారు. ఈ సంగతి చివరి వారంలో తెలిసి ఒకటే టెన్షన్, రెండు రాత్రులు ఐదుగురం కూర్చుని చేత్తో కుట్టాం. ఆ పట్టీని కుట్టేటప్పుడు వెనక వైపు నుంచే పట్టాలి, సూది పై గుడ్డలోకి తేలితే ముందు నుంచి కనిపిస్తుంది, అలాగని మరీ తక్కువగా పడితే బరువుకి గుడ్డ చిరుగుతుంది, అందుకని కొంచెం దూది పొర కూడా కలిసేలా పట్టాలి. వచ్చే ఏడాది నుంచి బైండింగ్ (బొంత చుట్టూ అంచుకి వేసే పట్టీ) వేసేటప్పుడే ఈ గొట్టం పట్టీ పై అంచుని కూడా అందులో కలిపి కుట్టేద్దాం, సగం పని తగ్గుతుంది.

అక్కడ నాకు ఇచ్చిన డ్యూటీ తెల్ల గ్లవ్స్ వేసుకుని నిలబడటం. చూడడానికి వచ్చినవాళ్లు బొంతల్ని ముట్టుకోకూడదు, చేతి నూనె, చెమట గుడ్డకి పడతాయి కాబట్టి. వాళ్లు అడిగితే మనం అంచు పట్టుకుని తిప్పి వెనక భాగం చూపించాలి. ఆ పని నాకెంత నచ్చిందో చెప్పలేను. ముందు భాగం చూసి "బాగుంది" అని వెళ్లిపోయేవాళ్లు కుట్టనివాళ్లు, "ఒకసారి వెనక చూపిస్తారా" అన్నవాళ్లు కుట్టేవాళ్లు, రెండు గంటల్లో ఆ తేడా తెలిసిపోయింది. వెనక చూస్తేనే కుట్టు అంతటా ఒకేలా వచ్చిందా, దారం బిగుతు సరిపోయిందా, ముడులు దాచారా అన్నది బయటపడుతుంది. మన బొంతల్లో ముదురు నీలంది, చేతి కుట్టుది, దాని వెనక భాగం చూసి ఒకావిడ చాలాసేపు అలాగే నిలబడిపోయింది. తర్వాత అడిగింది, ఇది ఎవరు కుట్టారు అని. నాకు తెలుసు కాబట్టి చెప్పాను. కానీ నాకు తెలియని వాటి గురించి అడిగినప్పుడు ప్రతిసారీ బల్ల దగ్గరికి పరుగెత్తి జాబితా కాగితం చూసి రావాల్సి వచ్చింది, ఎందుకంటే బొంత మీద ఎక్కడా ఏమీ రాసి లేదు. అప్పుడు దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు.

రెండో ప్రదర్శన ఆరుబయట. మధ్యాహ్నం గాలి లేచి మన స్టాండ్ ఒకటి పడిపోయింది, కాళ్లకి బరువులు కట్టలేదు, ఆ తప్పు నాదే. దెబ్బలేవీ తగల్లేదు కానీ ఎరుపు-తెలుపు బొంత తడి నేల మీద పడి ఎరుపు తెల్లలోకి దిగింది. దాన్ని కుట్టిన సభ్యురాలు ఏమీ అనలేదు, అందుకే నాకు ఇంకా బాధగా అనిపించింది. ఇలాంటిది జరిగితే గుర్తు పెట్టుకోండి, రంగు పూర్తిగా వదిలేదాకా బొంతని వేడిలో ఆరబెట్టకూడదు, ఇస్త్రీ అసలు చేయకూడదు, వేడి తగిలితే ఆ మరక ఉండిపోతుంది. మేం వెంటనే నీళ్లలో ముంచి, విడిచిన రంగుని పీల్చే షీట్లు వేసి, ఆరనివ్వకుండా మూడుసార్లు ఉతికాం. పోయింది. ఇకమీదట ముదురు ఎరుపు, ముదురు నీలం గుడ్డలు కోయకముందే ఉతకాలని ఆ సాయంత్రమే అందరం అనుకున్నాం.

ఆ ప్రదర్శనలోనే ఒక అమ్మాయి పాత బొంత ఒకటి సంచిలో పెట్టుకుని మన దగ్గరికి వచ్చింది. ఇంట్లో పెట్టె అడుగున దొరికిందట. ఎవరు కుట్టారో చెప్పగలరా అని అడిగింది. మేం నలుగురం బల్ల మీద పరిచి గంటసేపు చూశాం. కుట్లు రెండు రకాలుగా ఉన్నాయి, ఒకవైపు అంతా చిన్నవి, అంగుళానికి ఎనిమిది దాకా, ఇంకోవైపు పొడుగువి, కొంచెం వంకరవి. మధ్యలో ఒకచోట రెండూ కలిశాయి. అంటే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని కుట్టారు. చొక్కా గుడ్డలు, పిల్లల గౌను గుడ్డలు వాడారు. ఒక మూల చిరిగితే తర్వాత ఎవరో వేరే దారంతో బాగుచేశారు. ఇంత చెప్పగలిగాం, పేరు మాత్రం చెప్పలేకపోయాం. "మా అమ్మమ్మ అయ్యుండొచ్చు, వాళ్ల అక్క అయ్యుండొచ్చు, అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరు" అంది. మడత పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత మాలో ఎవరికీ మాట రాలేదు. చివరికి ఒకరు లేచి మన స్టాల్‌లో ఉన్న బొంతలన్నీ తిరగేసి చూశారు. పధ్నాలుగులో మూడింటికే పేరు ఉంది. నావి నాలుగున్నాయి, ఒక్కదానికీ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్‌లో నాకు తెలిసిన హ్యారియెట్ పవర్స్ కథ చెప్పాను, రాని వాళ్ల కోసం ఇక్కడ కూడా రాస్తాను. ఆమె 1837లో అమెరికాలోని జార్జియాలో బానిసగా పుట్టింది. బానిసత్వం పోయాక బైబిల్ కథల్ని గుడ్డ బొమ్మలుగా కోసి అతికించి ఒక బొంత కుట్టింది. 1886లో జార్జియాలోనే ఉన్న ఏథెన్స్ ఊళ్లో పత్తి ప్రదర్శన జరిగితే అందులో పెట్టింది, అంటే మనలాగే ఆవిడా తన బొంత పట్టుకుని ప్రదర్శనకి వెళ్లిందన్నమాట. జెన్నీ స్మిత్ అనే డ్రాయింగ్ టీచర్ చూసి కొంటానంటే అమ్మనంది. కొన్నేళ్ల తర్వాత ఇల్లు గడవక ఆమెకే అమ్మింది. అమ్మేటప్పుడు ఒక్కో గడిలో ఉన్న బొమ్మ దేని గురించో చెప్పింది, జెన్నీ స్మిత్ అదంతా రాసిపెట్టింది. అమ్మేశాక కూడా పవర్స్ తన బొంతని చూసుకోవడానికి ఆ ఇంటికి వెళ్లేదట. ఇప్పుడు ఆ బొంత వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది, ఆమె కుట్టిన ఇంకొకటి బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉంది. ఆమె కుట్టినవాటిలో మిగిలినవిగా తెలిసినవి ఆ రెండే. ఆ రోజు ఆ టీచర్ కాగితం తీసి రాయకపోతే, ఎంత అందమైన బొంత అయినా, చూసినవాళ్లు ఎవరిదో పాతది అనుకుని వెళ్లిపోయేవాళ్లు కదా. వ్యాన్‌లో వెనక సీటు నుంచి మా పెద్దావిడ అంది, "మరి మనకి రాసిపెట్టే టీచర్ ఎవరు, మనమే రాసుకోవాలి" అని.

షికార్ల గురించి. మొదటిది చెట్ల కింద ఒక రోజంతా చేతి కుట్టు. ఏడుగురం వచ్చాం. ఎండకి సూది చేతిలో జారుతుంటే ఒకరు మైనం ముద్ద తెచ్చారు, దారాన్ని దాని మీద లాగితే ముడి పడదని అక్కడే చూపించారు, చాలా మందికి కొత్త. రెండోది మ్యూజియంలో పాత గుడ్డల విభాగం చూడటం. దీపాలు బాగా తగ్గించి పెట్టారేంటని మొదట విసుక్కున్నాం, తర్వాత అక్కడివాళ్లే చెప్పారు, వెలుతురు తగిలినకొద్దీ రంగు వెలుస్తుంది, వెలిసిన రంగు తిరిగి రాదు. ఇంటికి వచ్చి కిటికీ ఎదురుగా సోఫా మీద పరిచిన నా బొంతని ఆ సాయంత్రమే లోపలికి మార్చాను. చెక్క అల్మారాలో నేరుగా పెట్టకుండా పాత కాటన్ దుప్పటిలో చుట్టాలని, మూడు నెలలకోసారి మడత మార్చాలని కూడా అక్కడే తెలుసుకున్నాం. ఒకే మడత మీద ఏళ్లు ఉంటే దారాలు అక్కడే తెగుతాయి.

మూడో ప్రదర్శనకి మనం ఏమీ తీసుకెళ్లలేదు, చూడటానికే వెళ్లాం, హాయిగా ఉంది.

ఇక ఉమ్మడి బొంత. ఇందాక వ్యాన్‌లో మాట అన్న పెద్దావిడ ఈ సంఘంలో మొదటినుంచీ ఉన్నారు. ఆవిడని నేను పెద్దమ్మా అనే పిలుస్తాను. రెండేళ్లుగా వేళ్ల కీళ్ల నొప్పి వల్ల సూది పట్టలేకపోతున్నారు. వాళ్లాయన పోయాక ఆయన చొక్కాలు కోసి మొదలుపెట్టిన బొంత సగంలో ఆగిపోయింది. వేసవి మధ్యలో ఒకరోజు ఆ ముక్కలన్నీ సంచిలో తెచ్చి నా చేతిలో పెట్టారు. నాకు వెంటనే మిస్సోరి పెట్‌వే గుర్తొచ్చింది, అమెరికాలో అలబామాలోని జీస్ బెండ్ ఊరావిడ. 1942లో భర్త పోయినప్పుడు ఆయన పని బట్టలతోనే బొంత కుట్టింది, ఆయన్ని గుర్తుంచుకోవడానికి, ప్రేమగా కప్పుకోవడానికి అని చెప్పిందట. ఆ మాట మనదాకా వచ్చింది వాళ్ల అమ్మాయి ఆర్లోంజియా చెప్పడం వల్లే.

పెద్దమ్మ ముక్కల్లో చొక్కా జేబులు కూడా ఉన్నాయి, వాటిని విప్పవద్దన్నారు. తొమ్మిది మందిమి కుట్టాం. పచ్చి కుట్లు వేసి మూడు పొరలూ (పై గుడ్డ, దూది, అడుగు గుడ్డ) కలిపిన రోజు ఆవిడ పక్కనే కుర్చీలో కూర్చుని ఏ చొక్కా ఎప్పటిదో చెబుతూ ఉన్నారు, నేను ఒక చేత్తో కుట్టి ఒక చేత్తో రాసుకోలేక కొత్తగా చేరిన అమ్మాయికి నోట్‌బుక్ ఇచ్చాను. ఆరు పేజీలు వచ్చాయి. ఆ పేజీల కాపీ ఒకటి పెద్దమ్మ ఇంట్లో, ఒకటి సంఘం ఫైల్లో ఉంది. కుట్లు ఎవరివి ఎలా ఉన్నా విప్పి సరిచేయకూడదని ముందే అనుకున్నాం, అందుకే అందులో తొమ్మిది రకాల చేతులు కనిపిస్తాయి. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

దానికి లేబుల్, అంటే పేరు, వివరాలు రాసిన గుడ్డ ముక్క, కుట్టేటప్పుడు పెద్ద చర్చే జరిగింది. ఒక్క పేరే చాలని కొందరు, కుట్టిన అందరి పేర్లూ ఉండాలని కొందరు. అప్పుడు ఒక సభ్యురాలు ఎయిడ్స్‌తో పోయినవాళ్ల కోసం కుట్టిన పెద్ద బొంత గురించి చెప్పారు. 1987 అక్టోబర్‌లో వాషింగ్టన్‌లో మొదటిసారి పరిచినప్పుడు అందులో 1,920 పలకలు, ఒక్కోటి 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, సమాధి అంత. చాలా వాటి మీద పెద్దగా కనిపించేది పేరే. ఆ పేర్లని పైకి చదివి వినిపించారు కూడా. ఇది విన్నాక చర్చ ఆగింది. అందరి పేర్లూ రాశాం.

లేబుల్ రాయడం గురించి మాకు అనుభవంలో తెలిసినవి చెబుతాను. తెల్ల కాటన్ ముక్క వెనక ఫ్రీజర్ పేపర్ (ఒకవైపు పూత ఉన్న కాగితం) ఇస్త్రీతో అంటిస్తే గుడ్డ కదలదు, అక్షరాలు బాగా వస్తాయి. గుడ్డకి పనికొచ్చే పిగ్మెంట్ ఇంకు పెన్నే వాడండి, రాశాక ఇస్త్రీ చేయండి. ఇస్త్రీ తగిలితే మాయమయ్యే పెన్నులు గీతలు గీసుకోవడానికి సులువుగా ఉంటాయి కానీ లేబుల్‌కి పనికిరావు, గీతలకి కూడా జాగ్రత్త. మేం అలాంటి గీతలున్న గుడ్డ ముక్కని ఇస్త్రీతో మాయం చేసి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి చూశాం, పొద్దున గీతలన్నీ తిరిగి కనిపించాయి. ఇంకో మాట, బొంత పూర్తయ్యాక లేబుల్ కుడితే ఎవరైనా విప్పేయొచ్చు. అడుగు గుడ్డకి ముందే కుట్టేసి ఆ తర్వాత పొరలు కలిపి కుడితే, పొరల్ని కలిపే ఆ క్విల్టింగ్ కుట్లు లేబుల్ మీదుగా వెళ్తాయి, ఇక అది ఊడదు.

కుట్టినవాళ్ల పేరు, ఎవరి కోసం, ఏ ఊళ్లో, ఏ ఏడాది, ఎలా ఉతకాలి, ఇంత రాస్తే చాలు. గుడ్డ ఎక్కడిదో ఒక వాక్యం రాయగలిగితే ఇంకా మంచిది.

వచ్చే ఏడాది మొదటి సమావేశం మొత్తం లేబుళ్లకే పెట్టాలని కార్యవర్గం అనుకుంది. పేరు లేని బొంతల్ని, అవి పాతవైనా, చిరిగినవైనా, మీరు కుట్టినవి కాకపోయినా, ఇంట్లో పెద్దవాళ్లని అడిగి తెలిసినంతా కాగితం మీద రాసుకుని తీసుకురండి. గుడ్డ, పెన్నులు, ఇస్త్రీ పెట్టె నేను తెస్తాను. కళ్లు సరిగా కనిపించనివాళ్లకి, చేతులు వణికేవాళ్లకి మేం రాసిపెడతాం. ఆ రోజు పెద్దమ్మ కూడా వస్తానన్నారు, బొంత తీసుకుని.

మీ కార్యదర్శి