లేని అక్టోబరు పది

ఒరేయ్ సూరీ,

తిట్టుకుంటున్నావని తెలుసు. నీ కాలప్రయాణం నవల రాతప్రతి వచ్చి నెల దాటింది, ఒక్క ముక్కా రాయలేదు. తప్పు నాదే, క్షమించు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్లు యథాతథం, చిన్నదానికి పరీక్షలు, ఇంటికి సున్నాలు వేయించాం. ఇంతే. మిగతావి కలిసినప్పుడు. ఇప్పుడు కడుపులో ఆగనిది వేరే ఉంది.

మూడో అధ్యాయం మొదటి వాక్యం తియ్యి. నీ నాయిక ఇనేస్ తలుపు తోసుకుని స్పెయిన్ ఊరు ఆల్బా దె తోర్మెస్‌లో అడుగుపెట్టే చోట, సన్యాసిని సెయింట్ తెరేసా పోయిన ఆరో రోజు. ఏం తారీఖు వేశావు? 1582 అక్టోబరు 10, ఆదివారం. 

ఆ రోజు లేదురా బాబూ!

స్పెయిన్‌లో 1582 అక్టోబరు 4 గురువారం. తెల్లారితే శుక్రవారమే, కానీ తారీఖు 15. మధ్యలో 5 నుంచి 14 దాకా పది అంకెలు ఎగిరిపోయాయి. మన క్షయతిథి నయం, సూర్యోదయానికి లేకపోయినా పంచాంగంలో ఓ మూల దాని ఘడియలైనా కనిపిస్తాయి. వీటికి ఆ మూల కూడా లేదు. వారం మాత్రం తెగలేదు చూడు, గురువారం తర్వాత శుక్రవారమే. ఆ వారమే మనల్ని కాపాడేది, మళ్లీ చెప్తాను.

ఎందుకో నీకు సగం తెలుసు, మిగతా సగం విను. పాత జూలియన్ లెక్కలో ఏడాదికి 365 రోజుల 6 గంటలు. అసలు ఏడాది అంతకంటే 11 నిమిషాల చిల్లర తక్కువ. ఆ చిల్లర 128 ఏళ్లకు ఒక రోజవుతుంది. 325లో నైసియా చర్చి సభనాడు మార్చి 21న ఉన్న వసంత విషువత్తు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, 1582 నాటికి మార్చి 11కి జారిపోయింది. ఈస్టర్ దాని మీదే ఆధారపడుతుంది కాబట్టి చర్చికి కంగారు. పోప్ పదమూడో గ్రెగరీ 1582 ఫిబ్రవరి 24న ఆజ్ఞ ఇచ్చాడు. రెండో ఫిలిప్ ఏలుబడిలోని స్పెయిన్ ఆ అక్టోబరులోనే పాటించింది. ఫ్రాన్స్ డిసెంబరు దాకా ఆగింది. ఇంగ్లండ్ 1752 దాకా బిగుసుకు కూర్చుంది.

తెరేసా పోయింది సరిగ్గా ఆ కీలు మీద. అక్టోబరు 4 రాత్రి, 67 ఏళ్ల వయసులో. మర్నాడు పాతిపెట్టారు, ఆ మర్నాడు అక్టోబరు 15. ఆవిడ పండగ ఇవాళ్టికీ 15నే చేస్తారు. మరి నువ్వన్న ఆరో రోజు ఏది? వేళ్లు మడువు. 15 ఒకటి, 16 రెండు... 20కి ఆరు. అంటే నువ్వు రాయాల్సింది అక్టోబరు 20, బుధవారం.

ఆ ఆదివారం నీకు ఎక్కడ దొరికిందో కూడా తెలిసిపోయిందిలే. కంప్యూటర్‌ని అడిగావు. అది ఇప్పటి గ్రెగోరియన్ లెక్కని అదే పనిగా వెనక్కి సాగదీస్తుంది, చరిత్రలో ఎక్కడ అతుకు పడిందో దానికి పట్టదు. అలా సాగదీస్తే అక్టోబరు 10 ఆదివారమే. పాత లెక్కే కొనసాగి ఉంటే బుధవారం.

ఇప్పుడు అసలు మజా. కొట్టెయ్యమని చెప్పడానికే అయితే ఇంత పెద్ద ఉత్తరం ఎందుకు? కంప్యూటర్ చెప్పిన ఆ ఆదివారం నిజంగా ఏ రోజో చూడు. పది రోజులు తగ్గించి పాత తారీఖులోకి మారిస్తే 1582 సెప్టెంబరు 30, ఆదివారం. తెరేసా ఆల్బాకి వచ్చి పది రోజులయింది, మంచం పట్టింది, ఇంకా బతికే ఉంది! పరామర్శకని నల్లబట్టలు వేసుకుని వెళ్లిన మీ ఇనేస్‌కి మఠంలో మనిషి ఎదురుగా కనిపిస్తుంది. ఇంకా నాలుగు రోజులుంది. ఒక్క ప్రోగ్రాము తప్పుతో కథ మొత్తం తిరగబడింది కదూ? నువ్వు తొమ్మిదో అధ్యాయంలో తెచ్చిపెట్టుకున్న ఆ ద్రోహి పాత్ర అక్కర్లేదు. లెక్కే ద్రోహి. 

అయితే దీనికి ముందు తేల్చాల్సింది ఒకటుంది: నీ యంత్రం ఏం తింటుంది? తారీఖు తింటుందా, రోజుల సంఖ్య తింటుందా? ఎందుకంటే ఆ పది రోజులూ ఎక్కడికీ పోలేదు. సూర్యుడు ఒక్క పూట కూడా మానలేదు. పోయినవి పేర్లు. పోప్ ఆజ్ఞలోనే ఉంది, నెలకీ ఏడాదికీ ఇంతని కట్టే బాకీల్లో ఎవరికీ నష్టం రాకుండా న్యాయాధికారులు గడువుకి పది రోజులు కలపాలని. అద్దెలు కట్టేవాడికి అర్థమైన సంగతి మన కథకులకి అర్థం కాదు!

స్పెయిన్ వాళ్లు ఈ యంత్రాల్లో తలపండినవాళ్లు. 1887లో బార్సిలోనాలో ఎన్రీకే గాస్పార్ అచ్చేసిన ‘ఎల్ అనక్రోనోపెతే’ గుర్తుందిగా? వెల్స్ ‘టైమ్ మెషీన్’ 1895. ఎనిమిదేళ్లు ముందు! ఇనప పెట్టె, కరెంటుతో నడుస్తుంది, భూమి తిరిగే దిక్కుకి ఎదురు ఎగురుతూ కాలాన్ని విప్పుతుంది. 1878 పారిస్ ప్రదర్శన నుంచి బయల్దేరి 1860 తెతువాన్ యుద్ధం, 1492 గ్రనడా, ఇంకా వెనక్కి చైనా, పాంపేయి. ప్రయాణికులు చిన్నవాళ్లయిపోకుండా ఒంటికి ఒక ద్రవం పట్టించాలి. శాస్త్రం సంగతి వదిలెయ్, కానీ ఆ యంత్రం భూభ్రమణాలే లెక్కపెడుతుంది కాబట్టి 1582 దగ్గర తడబడదు. చుట్టు మీద చుట్టు, అంతే. ఇక టీవీలో వచ్చిన ‘ఎల్ మినిస్తెరియో దెల్ తియెంపో’లో యంత్రమే లేదు, తలుపులున్నాయి. ఒక్కో తలుపు ఒక్కో కాలానికి. సిపాయి అలోన్సో 1569 నుంచి, అమేలియా 1880 బార్సిలోనా నుంచి, హూలియన్ 2015 మాడ్రిడ్ నుంచి. తలుపుకి తారీఖు చదవడం రాదు, కనుక అదీ తప్పు చేయదు. తప్పు చేసేది తలుపు మీద చీటీ అంటించే గుమాస్తా. (ఆ ధారావాహిక మొదలైంది 2015 ఫిబ్రవరి 24న. పోప్ ఆజ్ఞ తేదీ మళ్లీ చూడు. కావాలని చేశారా? ఏమో, నాకైతే ఒళ్లు జలదరించింది.)

నీదేమో అంకెలు తిప్పే చక్రం. అంటే మూడు రకాల్లోనూ ప్రమాదం ఉన్నది నీదానికే. కాబట్టి లోపల రోజుల సంఖ్య పెట్టు. క్యాలెండర్ మారిన మరుసటి ఏడాదే, 1583లో, స్కాలిజర్ అనే పండితుడు 7980 ఏళ్ల చక్రం ఒకటి కట్టాడు, 28ని 19తో, దాన్ని 15తో హెచ్చవేసి. దాని మొదలు క్రీ.పూ. 4713 జనవరి 1. అక్కణ్ణుంచి రోజుల్ని ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ రావడం తర్వాతి ఖగోళవేత్తల పని. ఆ లెక్కలో అక్టోబరు 4 సంఖ్య 2299160. అక్టోబరు 15 సంఖ్య 2299161. చూశావా, సందే లేదు! నువ్వేసిన దొంగ ఆదివారం 2299156. నీకు నిజంగా కావాల్సిన అక్టోబరు 20 ఏమో 2299166. ఈ రెండు సంఖ్యలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాయించి ఇనేస్ చేతిలో పెట్టు. అది చాలు, పాఠకుడికి ఉపన్యాసం అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. ఈ సంఖ్య మారేది అర్ధరాత్రి కాదు, మధ్యాహ్నం పన్నెండింటికి. రాత్రంతా ఆకాశం చూసేవాళ్లకి మధ్యలో రోజు మారితే చిరాకు కదా. కాబట్టి తెరేసా పోయిన రాత్రీ, పాతిపెట్టిన రోజు పొద్దుటి పూటా రెండూ 2299160లోనే పడతాయి. ఇది మర్చిపోతే సగం రోజు తప్పుతావు.

గ్రనడా అధ్యాయానికొద్దాం, అక్కడా ఇదే జబ్బు. కోట అప్పగించింది 1492 జనవరి 2, సోమవారం. నువ్వు శనివారం అన్నావు, మళ్లీ అదే కంప్యూటర్. పదిహేనో శతాబ్దంలో తేడా పది కాదు, తొమ్మిది. 1500 నుంచి పది, 1700 నుంచి పదకొండు, 1800 నుంచి పన్నెండు, 1900 నుంచి పదమూడు. చక్రం మీద కొత్త లెక్కలో ‘1492 జనవరి 2’ తిప్పితే ఇనేస్ దిగేది 1491 డిసెంబరు 24న. గ్రనడా సుల్తాను బోఅబ్దిల్ ఇంకా లోపలే ఉంటాడు, తాళాలు చేతులు మారలేదు. ముట్టడి సేన ఉన్న సాంతా ఫే శిబిరంలో చలికి వణుకుతూ పడుకుని పొద్దున్నే లేచి గుమాస్తా రాసే కాగితం చూస్తే 1492 అని ఉంటుంది! ఎందుకంటే ఆ రోజుల్లో కాస్తీయ రాజ్యంలో కొత్త సంవత్సరం డిసెంబరు 25న మొదలయ్యేది. సంవత్సరం వచ్చేసింది, లొంగుబాటు ఇంకా ఎనిమిది రోజులుంది. ఈ దృశ్యం నువ్వు రాయకపోతే నేనే రాసేస్తాను, తర్వాత ఏడవకు.

అన్నట్టు అదే అధ్యాయంలో లొంగుబాటు రాత్రి ఇనేస్ నిండు పున్నమి వెన్నెట్లో అల్హంబ్రా కోట గోడెక్కుతుంది. చాలా అందంగా రాశావు, నిజం. కానీ అప్పటికి అమావాస్య వెళ్లి రెండు మూడు రోజులే. సన్నటి నెలవంక, అదీ పొద్దుగూకిన కాసేపటికే దిగిపోతుంది. పొరపాటున దిగిన డిసెంబరు 24 అయితే బహుళ అష్టమి దాటింది, చంద్రుడు అర్ధరాత్రి దాటాకే వస్తాడు. గోడ చీకట్లోనే ఎక్కించు. దొంగతనానికి అదే మేలు కూడానూ.

లాస్ నావాస్ దె తొలోసా యుద్ధం దగ్గర ఇంకో గొయ్యి ఉంది, ఇది తొమ్మిది రోజులది కాదు, 38 ఏళ్లది. కాస్తీయ పత్రాల్లో ఆ యుద్ధం ‘ఎరా 1250’ అని ఉంటుంది. స్పానిష్ శకం క్రీ.పూ. 38 నుంచి మొదలు, కాబట్టి 38 తీసెయ్యాలి. 1250 లోంచి పోతే 1212. మన శాలివాహన శకానికి 78 కలిపినట్టే, ఇక్కడ తీసివేత. అరగాన్ 1350లో, కాస్తీయ 1383లో, పోర్చుగల్ 1422లో దాన్ని వదిలేశాయి. అంటే ఓ డెబ్బై ఏళ్ల పాటు సరిహద్దు దాటితే సంవత్సరం మారేది. దీని మీద విడిగా ఓ కథే... సరే, తర్వాత.

చేతి గడియారం సంగతి. ఇనేస్ దాన్ని విప్పదు కదా, పదిసార్లు చూసుకుంటుంది. స్పెయిన్ ఇవాళ తన సూర్యుడి కంటే చాలా ముందుంది. 1901 జనవరి 1న గ్రీనిచ్ గంటలకు మారారు. 1940 మార్చి 16 రాత్రి 11ని 12 చేశారు, మళ్లీ వెనక్కి తిప్పలేదు. ఆల్బా ఏమో గ్రీనిచ్‌కి పడమర. అక్టోబరులో వేసవి గంటల గడియారం పెట్టుకుని వెళ్తే అది అక్కడి ఎండ గడియారం కంటే రెండు గంటల పైనే ముందు. తన గడియారంలో రాత్రి 7, బయట ఇంకా పొద్దువాలే వేళ. నువ్వు రాసిన దీపాలూ కాగడాలూ ఆర్పెయ్.

ఇంకొక్కటే. ఎక్కడా తలుపూ చక్రమూ లేకుండా నిజంగానే ఒక రోజు పోగొట్టుకున్న స్పెయిన్ ఓడ ఉంది. విక్టోరియా, నాయకుడు ఎల్కానో. 1522 జులై 9 బుధవారం కేప్ వెర్దే దీవుల దగ్గర ఆగితే ఒడ్డు వాళ్లు ఇవాళ గురువారం అన్నారు. పిగఫెట్టా రోజూ డైరీ రాసినవాడు, ఒక్క రోజూ తప్పలేదు, కొట్టుకుచచ్చాడు. పడమరగా భూమి చుట్టి వస్తే ఒక సూర్యోదయం తక్కువవుతుందని తర్వాత గ్రహించారు. బయల్దేరిన సుమారు 240 మందిలో ఆ ఓడ మీద ఇంటికి చేరింది 18 మంది. వాళ్ల శుక్రవారం ఉపవాసాలన్నీ శనివారాల్లో పడ్డాయన్నమాట, పాపం. ఆ పోయిన రోజు లెక్క సరిచేసుకుంది ఫిలిప్పీన్స్. 1844 డిసెంబరు 30 సోమవారం తర్వాత మనీలాలో నేరుగా 1845 జనవరి 1 బుధవారం. మంగళవారం మాయం! ఇక్కడ చూడు, మన వారం కూడా తెగింది. పైన కాపాడుతుందని చెప్పాను కదా, మనీలాలో అదీ కాపాడదు, కాబట్టి నీ అయిదో అధ్యాయంలో మనీలా గుమాస్తా జీతం రోజు మంగళవారం అన్న చోట

అయ్యో, పోస్టు డబ్బా తీసేవాడు సైకిలు దిగుతున్నాడు. మిగతాది రేపు. నువ్వు మాత్రం ముందు ఆ 10 కొట్టెయ్, 20 చెయ్. సెప్టెంబరు 30 వేస్తానంటావా, ఫోను చెయ్.

నీ
గోపి